తాడుకి రెండో కొస

తప్పు బస్సుకి అడ్డంగా వచ్చిన ముసలాయనదే, డ్రైవరు బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు, అంతకన్నా ఏం చేస్తాడు పాపం అని చూసినవాళ్ళంతా చెప్పారు. డిపోలో విచారణ చేసినవాళ్ళూ అదే తేల్చారు. ఓ నెల ఇంటిపట్టున ఉండి, మనసు కుదుటపడ్డాక రమ్మన్నారు.

కుదుటపడ్డానికి లోపల మనసంటూ ఒకటుందని డ్రైవరుకి అనిపించలేదు. ఏడుపు రాలేదు. భయమూ వెయ్యలేదు. పెట్టింది తిన్నాడు, ఉప్పు మరిచిపోయానని భార్య నాలిక కరుచుకునేదాకా తెలియలేదు. ఆవిడ ఏమడిగినా "ఊఁ" అనేవాడు.

పనేం లేదు కాబట్టి, ఒకటో తరగతి చదివే కూతుర్ని బడికి తీసుకెళ్ళడం అతని వంతయింది. దింపాక ఇంటికి పోబుద్ధి కాక మైదానం పక్కన సిమెంటు గట్టు మీద కూచునేవాడు. నాలుగో రోజు ఆటల టీచరు మెళ్ళో విజిలుతో నేరుగా అతని దగ్గరికే వచ్చింది.

"ఏమండీ, ఖాళీగానే ఉన్నారుగా? ఈ తాడు రెండో కొస పట్టుకోండి. ఇన్నాళ్ళూ స్తంభానికి కట్టి తిప్పుతున్నాను. చెయ్యి నొప్పెడుతోంది."

పట్టుకున్నాడు. తిప్పమంటే తిప్పాడు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గెంతారు. అతని కూతురికి మాత్రం రాలేదు. రెండు చేతులూ గుండెకి అదుముకుని, తాడు కాళ్ళకి తగిలి ఆగిపోయాక తీరిగ్గా గెంతింది.

"కంటికీ కాలికీ ఇంకా జత కుదర్లేదు," అంది టీచరు. "ఈ వయసుకి మామూలేలెండి. మెల్లిగా వస్తుంది."

వారానికి మూడు పీరియడ్లు. సుద్దతో నేల మీద గీత గీసి, తల మీద ఇసక సంచి పెట్టి నడిపించింది. ఒంటికాలి మీద నిలబెట్టి అంకెలు లెక్కపెట్టించింది. బంతికి ముందు బెలూను ఇచ్చింది. అది నెమ్మదిగా దిగుతుంది, పట్టుకోడానికి పిల్లలకి వ్యవధి దొరుకుతుంది. తాడు నేలని కొట్టే చప్పుడుకి కళ్ళు మూసుకుని చప్పట్లు కొట్టమంది. డ్రైవరు ఆవిడ చెప్పినచోట నిలబడి చెప్పింది పట్టుకున్నాడు. బాగుందనీ అనిపించలేదు, బాలేదనీ అనిపించలేదు.

మూడో వారంలో తాడు తిప్పుతుండగా, ఓ పిల్ల బంతి వెంటపడి తలొంచుకుని సరాసరి అతని ముందుకి దూసుకొచ్చింది.

"ఆగూ!" అని అరిచాడు డ్రైవరు.

మైదానమంతా బిగుసుకుపోయింది. ఆ పిల్లకేం కాలేదు, బంతి తీసుకుని బిక్కమొహం వేసి చూస్తోంది. డ్రైవరు చేతిలోంచి తాడు జారిపోయింది. కుడికాలు మాత్రం నేలని తొక్కి పట్టింది. తియ్యాలని చూశాడు, రాలేదు.

టీచరు మంచినీళ్ళ సీసా అందించింది. కాలు వదులయ్యేదాకా పక్కనే నిలబడింది.

"నా వల్ల కాదు మేడమ్," అన్నాడు.

"సరేనండీ, కూచోండి."

కూతురు వచ్చి కింద పడ్డ కొస తీసి అతని చేతిలో పెట్టింది. "నాన్నా, నా వంతు ఇంకా అవ్వలేదు."

తిప్పాడు. అది ఎనిమిదిసార్లు గెంతింది. పిల్లలందరూ గోలగోలగా లెక్కపెట్టారు. ఇలాంటప్పుడు సంతోషించాలి కాబోలు అనుకున్నాడు.

ఇంటికి నడిచే దారిలో కూతురు అడిగింది. "నాన్నా, నీ బస్సుకి అడ్డమొచ్చిన తాతకి దెబ్బ గట్టిగా తగిలిందా?"

"చచ్చిపోయాడమ్మా."

ఆ మాట పైకి అనడం అదే మొదలు. గొంతు మామూలుగానే ఉంది.

"అయ్యో," అంది కూతురు. కొంతదూరం అతని వేలు పట్టుకుని నడిచింది. తర్వాత, "ఎనిమిదయ్యాక ఎంత నాన్నా?" అంది.

"తొమ్మిది."

నెల తిరగ్గానే డిపోకి వెళ్ళాడు. "ఏమయ్యా, బండెక్కుతావా?" అన్నాడు మేనేజరు.

"ఇప్పుడే ఎక్కలేనండి. షెడ్డులో ఏదైనా పనిప్పించండి."

"బస్సులు కడగాలి మరి. సెలవు ఏ రోజు కావాలి?"

"బుధవారం."

"అందరూ ఆదివారం కోసం కొట్టుకు చస్తుంటే బుధవారమేంటయ్యా?"

"ఒకటో తరగతికి ఆ రోజు ఆటల పీరియడు ఉందండి."

మేనేజరు కళ్ళజోడు పైనుంచి ఓసారి చూసి, బుధవారమని రాసుకున్నాడు.