పెద్దమ్మ గురక

దయ్యాలు పాడుబడ్డ కొంపల్లోనే ఉంటాయని ఎవరన్నారో గానీ, చిన్న కండక్టరుని పట్టిన దయ్యం మాత్రం ఆమె పడకగదిలోనే కాపురం పెట్టింది. మొగుడు దగ్గరికి జరిగితే చాలు, చెవి పక్కన విజిల్ మోగేది. ఆ వెంటనే పెద్దమ్మ గొంతు, "బిగబట్టు." అంతే, నడుం కిందంతా పిడికిలిలా ముడుచుకుపోయేది. ఆపైన కత్తి పెట్టి కోసినంత నొప్పి. పెళ్లయి పది నెలలు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఆ నొప్పి లేకుండా గడవలేదు.

పెద్దమ్మ చనిపోయిన మనిషి. ఇప్పుడు చిన్న కండక్టరు పనిచేస్తున్న డిపోలోనే ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసింది. చెల్లెలు పోతే ఆమె కూతుర్ని చేరదీసి, పెంచి, ఉద్యోగంలో పెట్టించి, తన విజిల్ ఆ పిల్ల మెడలో వేసి, పెళ్లికి నెల ముందు కన్నుమూసింది. "దార్లో ఆడవాళ్లకి బాత్రూములుండవే. మగాళ్లు ఏ గోడ పక్కనైనా నిలబడతారు. నువ్వు నీళ్లు తాగకు, బిగబట్టు." ఇదీ డ్యూటీలో ఆమె చెప్పిన మొదటి పాఠం. పిల్ల ఎంత శ్రద్ధగా నేర్చుకుందంటే, సెలవు రోజున ఇంట్లో కూర్చున్నా బిగబట్టే ఉండేది. ఆ సంగతి ఆమెకే తెలియదు.

నొప్పి గురించి చెప్పుకోవడానికి ఆడబిడ్డ తప్ప ఎవరూ దొరకలేదు. ఆవిడకి తెలియని విషయం లేదు, అని ఆవిడ నమ్మకం. "రెండో కాన్పయ్యాక నాకు తుమ్మితే చుక్క పడేది. డాక్టరు చెప్పిందిలే, ఒంటికొస్తే ఆపుకున్నట్టు బిగించి వదలాలంట. నీకూ లోపల బలం లేకే ఆ నొప్పి" అంది. ఒకరి కళ్లజోడు తీసి ఇంకొకరికి తగిలించినట్టుంది వ్యవహారం. మన కండక్టరు అసలే మాట జవదాటని మనిషి. స్టాపుకి పది చొప్పున బిగించింది. రూట్లో ఇరవై స్టాపులు, రోజుకి ఆరు ట్రిప్పులు. మూడు నెలలు తిరిగేసరికి సీట్లో కూర్చున్నా మంటే.

భర్త గాజు పలకలు కోసే పనివాడు. మాట తక్కువ, చెయ్యి నెమ్మది. ఆమె పళ్లు కరుచుకుని పైకప్పు వంక చూడటం గమనించి ఆగిపోయేవాడు. "నావల్ల ఏమన్నా తప్పు జరుగుతోందా?" అని ఒకసారి అడిగాడు. "మీదేం లేదు" అంది. అటు తిరిగి పడుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతను పరుపు చుట్టి ముందుగదిలోకి మోసుకెళ్తుంటే, చూడటానికి వచ్చిన ఆడబిడ్డ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఇదేంట్రా తమ్ముడూ?"

"నా గురకకి తనకి నిద్ర పట్టట్లేదక్కా. పొద్దున్నే డ్యూటీ కదా" అన్నాడు, ఎవరి వంకా చూడకుండా.

ఆడబిడ్డ పకపకా నవ్వింది. చిన్న కండక్టరుకి నవ్వు రాలేదు. అతను గురక పెట్టడు.

ఆ గురక మాట ఆమెకు కొత్త కాదు. పెద్దనాన్న ఏళ్ల తరబడి వరండాలో మడతమంచం మీదే పడుకున్నాడు. ఎవరడిగినా "మీ పెద్దమ్మ గురక పెడితే డిపోలో బస్సులన్నీ ఒకేసారి స్టార్టయినట్టుంటుంది" అనేవాడు. ఇల్లంతా పడీపడీ నవ్వేది, అందరికన్నా గట్టిగా పెద్దమ్మే నవ్వేది. చిన్న కండక్టరూ ఎన్నిసార్లు నవ్విందో. పదహారేళ్లు పెద్దమ్మ పక్కలో పడుకున్న పిల్ల ఆమె. ఒక్క రాత్రి కూడా ఆ గురక వినలేదు.

అంటే పెద్దమ్మా ఈ నొప్పితోనే, ఇలాగే బిగబట్టుకుని బతికిందన్నమాట. ముందుగదిలో పరుపు పరిచిన చప్పుడైంది. ఇవాళ ఊరుకుంటే అది ఇక లోపలికి రాదని భయం పట్టుకుంది.

మర్నాడు డ్యూటీ దిగి యూనిఫాంలోనే ఆసుపత్రికి వెళ్లింది. లేడీ డాక్టరు పరీక్ష చేసి, పుండూ ఇన్ఫెక్షనూ ఏవీ లేవని తేల్చి, ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపింది. ఆవిడ అంతా విని తల పట్టుకుంది.

"మీ వదినగారి కండరాలు వదులయ్యాయి. మీవి వదులు కావడమే మర్చిపోయాయి. బిగించడం ఇవాళ్టి నుంచి మానెయ్యండి. పొట్ట మెత్తగా పొంగేలా ఊపిరి తీసుకుని, కిందికి వదలండి."

"ఎలా వదలాలో తెలీదండీ" అని చిన్న కండక్టరు ఏడ్చేసింది.

ఆవిడ ఆమె మెడలోని విజిల్ చూసింది. "అది నోట్లో పెట్టుకోండి. మోగకుండా ఊదాలి. అంత నెమ్మదిగా."

మొదటి రోజు ఊదిన ప్రతిసారీ కూసింది. వారాలు పట్టింది. ఈలోగా నీళ్ల సీసా బస్సెక్కింది. డ్రైవరు ఎంత సణిగినా చివరి స్టాపులో బస్సు కాసేపు ఆపించి, పక్కనే ఉన్న బట్టల షాపు వాళ్ల బాత్రూముకి వెళ్లొచ్చేది.

విజిల్ మోగకుండా ఊపిరి పూర్తిగా బయటికి పోయిన రోజున ముందుగదిలోకి వెళ్లి పరుపు మీద కూర్చుంది.

"మీరు గురక పెట్టరు" అంది. అతను తల దించుకున్నాడు. అప్పుడు మొత్తం చెప్పింది, సిగ్గుపడుతూనే, ఏదీ దాచకుండా. "పరుపు లోపల వేద్దాం. ఇప్పుడే ఏమీ వద్దు. నొప్పంటే ఆగాలి."

"అంతే కదా" అని అతను పరుపు చుట్టి భుజాన వేసుకున్నాడు.

పక్కన వాలగానే విజిల్ మోగింది, ఎప్పట్లాగే. "బిగబట్టు." ఈసారి ఆమె ఉలిక్కిపడలేదు. పొట్ట నిండా ఊపిరి తీసుకుని నెమ్మదిగా వదిలింది.

"ఇంక వదిలెయ్ పెద్దమ్మా" అంది పైకే.

"ఎవరితో?" అన్నాడతను.

"పెద్దమ్మతో. పాపం, వదలొచ్చని ఆవిడకి ఎవరూ చెప్పలేదండీ."