గొలుసు విప్పిన ఫోటో

ఫోటోలో మనిషి మొహాన్ని సాగదీస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ షాపులో కూర్చుని ఎంతమంది పెళ్ళికొడుకుల్ని గుమ్మడికాయలు కాకుండా కాపాడానో లెక్కలేదు. ఫోటో అడిగిన కొలతలో ఇమడకపోతే అంచులు కత్తిరించాలి, అంతేగాని మొహాన్ని లాగకూడదు. కంప్యూటర్లో పొడవుకీ వెడల్పుకీ మధ్య చిన్న గొలుసు బొమ్మ ఉంటుంది. అది బిగించి ఉన్నంతసేపు రెండూ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. దాన్ని విప్పేవాళ్ళతో నాకు పడదు.

మా మరిది, అంటే చెల్లెలి మొగుడు, చనిపోయిన వారానికి చెల్లెలు కూతుర్ని వెంటబెట్టుకుని షాపుకొచ్చింది. సాయంత్రం సంస్మరణ సభ. హాల్లో పెట్టే పెద్ద తెరకి ఫోటో సరిగ్గా వెయ్యీ ఎనభై పిక్సెల్స్ వెడల్పు, పదమూడు వందల యాభై పొడవు ఉండాలట. తేడా వస్తే ఆ తెరే ఇష్టమొచ్చినట్టు సాగదీసేస్తుందట.

"మంచిది చూసి పెట్టక్కా. పైపు లేనిది" అంది చెల్లెలు.

జబ్బుపడ్డాక తీసిన ప్రతి ఫోటోలోనూ అతని ముక్కుకి పైపు ఉంది. అందుకని పాతవి వెతికాను. కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లోది ఒకటి దొరికింది. గోడకి ఆనుకుని నవ్వుతున్నాడు. నిండు బుగ్గలు. అడ్డంగా తీసిన ఫోటో కాబట్టి రెండు పక్కలా గోడని కోసేసి, గొలుసు బిగించి, కొలతకి దించాను. వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరింది. సిగ్గులేకుండా నా పనికి నేనే మురిసిపోయాను.

"బుడ్డీ, ఎవరో చూడు" అన్నాను.

మా బుడ్డిది కుర్చీ ఎక్కి, ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది.

"ఎవరు పెద్దమ్మా?"

"నాన్నే కదే!"

"కాదు. నాన్న ఇంత లావుండడు." కుర్చీ దిగిపోయి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. "నాన్న దగ్గరికి ఎప్పుడెళ్తాం?"

నా ప్రాణం ఉసూరుమంది. దానికి ఊహ తెలిసేనాటికే అతను మంచం పట్టాడు. దానికి తెలిసిన నాన్న చిక్కి సగమైన మనిషే.

చెల్లెలు కూతుర్ని దగ్గరికి లాక్కుంది. తర్వాత మెల్లగా, "సన్నగా చెయ్యక్కా" అంది.

"మతుండే మాట్లాడుతున్నావా? ఆ రోగం మనిషిని పిండింది చాలదా, ఇప్పుడు నేను కూడా పిండాలా?"

"అరవకు. సాయంత్రం అందరూ వాళ్ళ నాన్న గురించే మాట్లాడతారు. ఇదొక్కత్తే ఎవరో పరాయి మనిషిని చూస్తూ కూర్చోవాలా?"

కొయ్యని అసలు ఫోటోని తెర మీదికి తెచ్చుకున్నాను.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి గోడని కొంచెమే కోసి, గొలుసు విప్పి, ఫోటోని రెండు పక్కల నుంచీ లోపలికి నొక్కాను. బుగ్గలు దిగిపోయాయి. భుజాలు ముడుచుకున్నాయి. ఇంకొంచెం నొక్కితే మెడ సన్నబడింది. ఏళ్ళ తరబడి పడక పక్కన కూర్చుని మేం చూసిందంతా నా చేతి కింద మళ్ళీ జరుగుతోంటే ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకుని కొలత చూశాను. వెడల్పు సరిపోయింది, పొడవు సరిపోయింది.

"నాన్న!" బుడ్డిది మళ్ళీ కుర్చీ మీదికి ఎగబాకింది. "అమ్మా, నాన్న నవ్వుతున్నాడు, చూడు! నాన్నకి నవ్వడం వచ్చు!"

చెల్లెలు వంగి చూసింది. బుడ్డిది చెయ్యి చాచి తెర మీద ఆ సన్నటి బుగ్గని నిమురుతోంది.

"ఇదే పంపెయ్యి" అంది చెల్లెలు.

"మరి నీకో? నీ మొగుడు ఆ మొదటి ఫోటోలో ఉన్నాడు కదే."

"ఆయన ఎప్పుడో పోయాడక్కా. మొన్న పోయింది దాని నాన్న."

పిల్లకి వినబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది.