బ్రేకు నొక్కితే వెలిగే ఇండికేటరు

ఆనందకుమారి కారుకి వానాకాలంలో ఓ వింత జబ్బు పట్టుకుంది. బ్రేకు నొక్కితే వెనక కుడివైపు ఇండికేటరు మినుకుమినుకుమనేది. కొన్నాళ్లకి ఆ పక్క బ్రేకు లైటు మసకబారింది. తర్వాత నంబరు ప్లేటు దగ్గరి బల్బూ ఆరిపోయింది. మెకానిక్ ఒకసారి డిక్కీ ఎత్తి చూసి, "వైరింగంతా మార్చాలి భయ్యా" అనేశాడు.

"అమ్మేద్దాం ఆనందా, పన్నెండేళ్ల బండి" అన్నాడు ఆమె భర్త పౌలురాజు.

"ఐసీయూలో డ్యూటీ దిగేసరికి ఏ వేళవుతుందో మీకు తెలుసుగా. ఆ వేళప్పుడు ఆటోవాళ్లతో బేరాలు మీరొచ్చి ఆడతారా?" అంది ఆమె. "ఆదివారం నేను చూస్తాను."

పౌలురాజు నవ్వుకున్నాడు. ఇంట్లో ఫ్యూజు పోయినా ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసే మనిషి అతను.

ఆదివారం చర్చి నుంచి ఇందిరాపురంలోని ఫ్లాటుకి తిరిగొచ్చాక ఆమె పాత చుడీదారు వేసుకుని, ఉత్తరాదిలోనే పెరిగి పదకొండో తరగతి చదువుతున్న కూతురు పెర్సిస్‌ని వెంటబెట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగింది. పౌలురాజుకి ఒప్పజెప్పిన పని ఒకటే. కారు వెనక నిలబడి, ఏ లైటు వెలిగిందో కేకేసి చెప్పడం.

"ఇప్పుడు?"

"వెలిగింది! కాదు కాదు, పక్కది వెలిగింది!"

బల్బు మార్చారు. తేడా లేదు. ఫ్యూజులన్నీ తీసి చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఆనందకుమారి డిక్కీలో ఏదో ప్లగ్గు లాగింది. అంతే, వెనక ఉన్న లైట్లన్నీ ఒక్కసారిగా పోయాయి.

'అయిపోయింది' అనుకున్నాడు పౌలురాజు. జేబులో ఫోన్ మీదకి చెయ్యి పోయింది కూడా. ఆమె మాత్రం కంగారు పడలేదు. చెమట తుడుచుకుని, నేల మీద చతికిలబడి, "పెర్సీ, ఆఖరికి మనం ముట్టుకున్నదేంటి? అది మళ్లీ పెట్టెయ్యి" అంది. పెట్టగానే లైట్లొచ్చాయి. ఆ పాత జబ్బు కూడా వచ్చింది.

"హమ్మయ్య, మొదటికొచ్చాం" అని ఆమె సంతోషంగా నవ్వింది. రెండు గంటలు కష్టపడి మొదటికి వచ్చినందుకు నవ్వగలిగే మనిషిని పౌలురాజు అంతకుముందు చూడలేదు. చూసే ఉంటాడు, ఇరవయ్యేళ్లుగా అదే ఇంట్లో ఉన్నాడు కదా. గమనించలేదంతే.

"మూడు లక్షణాలున్నాయని మూడు జబ్బులుండాలా?" అంది ఆనందకుమారి, తనలో తాను అనుకుంటున్నట్టు. "ఈ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేంటి?"

పెర్సిస్ కాసేపు గోరు కొరుక్కుంది. "మమ్మీ, వాపస్ జానే కా రాస్తా! ఎర్త్!"

బల్బులోకి వెళ్లిన కరెంటు కారు రేకు మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లాలి. ఎర్త్ అనే ఆ తిరుగుదారి మూసుకుపోతే పక్క బల్బులోంచి దూరిపోతుంది. కూతురు సగం హిందీలో, సగం ఇంగ్లీషులో చెప్పిన దాన్ని తల్లి తెలుగులో ఒక్క ముక్కకి కుదించింది: "అంటే, దారి లేక పక్కింట్లోంచి వెళ్తోందన్నమాట."

పెర్సిస్ ఒక వైరు ముక్క తీసుకుని ఒక కొస లైటు తాలూకు నల్లటి ఎర్త్ వైరుకి, రెండో కొస కారు రేకుకి ఆనించింది. ఆనందకుమారి బ్రేకు నొక్కింది.

పౌలురాజు కేకెయ్యడం మరిచిపోయాడు. బ్రేకు లైటు ఎర్రగా భగ్గున వెలిగింది. ఇండికేటరు నోరు మూసుకుంది.

"ఏమండీ, చెప్పరేం?"

"వెలిగింది ఆనందా! సరైనదే వెలిగింది!"

నల్ల వైరు వెంట చేత్తో తడుముకుంటూ పోతే డిక్కీ కార్పెట్ కింద, నీళ్లు నిలిచినచోట, ఆ వైరుని రేకుకి బిగించిన బోల్టు తుప్పు పట్టి దొరికింది. పెర్సిస్ స్పానర్‌తో విప్పింది. ఆనందకుమారి గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించి, పైన వాజిలైన్ పూసింది. పుండు కడిగి కట్టు కట్టే నర్సు చేతులవి. తొందర లేదు, తడబాటు లేదు. పక్కనే పెర్సిస్ చేతులూ అచ్చం అలాగే కదలడం పౌలురాజు చూశాడు.

మర్నాడు ఆఫీసుకు బయలుదేరుతుంటే కింది ఫ్లాటు భీమశంకరంగారు పలకరించారు. "మీ కారు లైట్లు బాగయ్యాయే! ఎక్కడ చేయించారు?"

"చేయించలేదండీ. మా ఆవిడా, మా అమ్మాయీ చేశారు" అన్నాడు పౌలురాజు. అక్కడితో ఆగలేకపోయాడు. ఎర్త్ అంటే ఏమిటో, కరెంటు ఎటు వెళ్లి ఎటు వస్తుందో చేతులు తిప్పుతూ వివరించడం మొదలుపెట్టాడు. స్కూలు బస్సు కోసం పక్కనే నిలబడ్డ పెర్సిస్, తండ్రి అంతా తిరగేసి చెబుతుంటే నవ్వాపుకోలేక, "డాడీ, ఉల్టా బోల్ రహే హో" అంది.

"సరేలే, నువ్వే చెప్పు" అని అతను పక్కకి తప్పుకుని దారిచ్చాడు.