చంద్రుడికి వీపు చూపిన టెలిస్కోపు

వేధశాలలో టెలిస్కోపు తిప్పే ఆపరేటరమ్మకు ఆ రోజుతో మూడు నెలల ప్రొబేషన్ ముగుస్తుంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో మధ్యాహ్నం పెద్దసారు తేలుస్తారు. పదినెలల పిల్లను అత్తగారి ఒళ్ళో పెట్టి వచ్చిందేగాని, పాలు తాగిందో లేదోనని ప్రాణం సగం అక్కడే ఉంది.

ఊడగొట్టడానికి కారణం సిద్ధంగానే ఉంది. పోయిన వారం సాఫ్ట్‌వేరు సారు కొత్త ప్రోగ్రాం ఎక్కించాడు. పట్టికలో ఉన్న నక్షత్రం అంకెలు కొడితే, ఎటు తిరగాలి, ఎంత ఎత్తుకు లేవాలి అనే లెక్కలోకి అది మార్చి టెలిస్కోపును తిప్పుతుంది. ఏ పనైనా "అరక్షణంలో అయిపోతుంది" అంటాడు గనుక ఆయన పేరు అరక్షణం సారు. ఈ వారంలో తిప్పిన మూడుసార్లూ టెలిస్కోపు ఖాళీ ఆకాశాన్నే చూసింది. మూడుసార్లూ ఆయనది ఒకటే మాట: "టైపింగ్ తప్పు."

పెద్దసారు వచ్చారు. తూర్పున పగటి చంద్రుడు పాలిపోయి కనిపిస్తున్నాడు. ఆమె అంకెలు కొట్టింది. టెలిస్కోపు గరగరమంటూ తిరిగి, అలిగిన కొత్తల్లుడిలా చంద్రుడికి వీపు పెట్టి నిలబడింది.

"చూశారా సార్! తొమ్మిదో క్లాసుతో చదువాపేసినవాళ్ళని ఈ కుర్చీలో కూర్చోబెడితే ఇంతే," అన్నాడు అరక్షణం సారు.

ఆమె కుర్చీలోంచి లేచింది. "అయితే మీరు కొట్టండి సార్."

"అరక్షణం!" టెలిస్కోపును మొదటిచోటికి తెచ్చి ఆయనే కొట్టాడు. అది మళ్ళీ గరగరమంటూ పోయి అక్కడే వీపు పెట్టింది.

"మోటారు పాడయింది," అన్నాడు.

ఆమె ప్రతిసారీ టెలిస్కోపు ఎటు తిరిగిందో రాసుకున్న నోటుబుక్కు తీసింది. "నా వేలు తప్పయితే రోజుకో దిక్కు పోవాలి కదండీ. ఎత్తు ప్రతిసారీ సరిపోతోంది, దిక్కే సరిగ్గా వెనకవైపుకి పోతోంది. మోటారుకి సున్నా డిగ్రీలంటే ఉత్తరం. మీ లెక్క ఎక్కణ్ణించి మొదలవుతుంది సార్?"

పెద్దసారు తెరమీద ప్రోగ్రాం చదివారు. "దక్షిణం నుంచి. ఏ పాత పుస్తకంలోంచి దించావయ్యా?"

"అదీ ఒక పద్ధతే సార్..."

"పద్ధతే. ఆ సంగతి మోటారుకి చెప్పావా?"

నూటఎనభై డిగ్రీలు కలిపితే చంద్రుడు తెర నిండా వచ్చాడు. పెద్దసారు ఆమె కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళారు.

సాయంత్రం అరక్షణం సారు రిపోర్టు రాశాడు: "ఆపరేటరుకు తగిన శిక్షణ ఇచ్చి లోపం సరిచేయడమైనది."

ఆమె చదివింది. "శిక్షణ ఎవరు ఎవరికిచ్చారు సార్?"

"నీ ఉద్యోగం నిలబడిందిగా, ఇంకేం కావాలి?"

"ఏమీ వద్దండీ." ఆమె సంచి భుజాన వేసుకుంది, పిల్ల పాలవేళ దాటిపోతోంది. "ఇంటికెళ్ళేటప్పుడు మాత్రం దిక్కు చూసుకుని వెళ్ళండి. పాపం, అమ్మగారు ఎదురుచూస్తుంటారు."