గడువు తీరిన తాళం

ఇంకాసేపటికి ఈ తలుపు ఊడిపోతుంది, పై బందు అప్పుడే వంగింది, బయట నా మరిది కొడుతున్నది చేతి సుత్తి కాదు, లారీ ఇరుసులు విరగ్గొట్టే సమ్మెట, మా తుక్కు యార్డులో ఇనుము విరిగే చప్పుళ్లన్నీ నాకు పేరుపేరునా తెలుసు, రేకు నలిగితే ఒకలా ఉంటుంది, రాడ్డు తెగితే ఒకలా, మనిషి నలిగితే ఎలా ఉంటుందో యార్డులో క్రేన్ నడిపే క్రేనమ్మ చెప్పింది, ఏ చప్పుడూ రాలేదక్కా అంది, వదినా తలుపు తియ్యి, మర్యాదగా చెబుతున్నా అంటున్నాడు, సమ్మెట పట్టుకుని మర్యాద, నా మొగుడూ అంతే, బెల్టు చేతికి చుట్టుకుంటూ మర్యాదగా అడుగుతున్నా అనేవాడు, అన్నదమ్ములు ఒకే తల్లి పాలతో పాటు ఒకే మర్యాద తాగారు, నా వెనక కంప్యూటర్ ముందు తాళాలాయన తప్పు కొట్టి, చెరిపి, మళ్లీ కొడుతున్నాడు, అయిందా అన్నాను, అవుతోందమ్మా, మీరు తలుపుకు ఆనుకోకండి, అది మీద పడితే మీతో పాటు నా జీతం కూడా పోతుంది అన్నాడు, ఈయనకు చావు ముందు కూడా వెటకారమే.

తాళాలాయన అని నేనే పేరు పెట్టాను, మా కంపెనీ మెయిళ్లన్నీ వచ్చిపోయే ఈ సర్వర్‌ను చూసుకునే మనిషి, సర్వర్‌కు ఒక సర్టిఫికెట్ ఉంటుందమ్మా, అది చూసే మిగతా కంప్యూటర్లు ఇది మనదేనని నమ్ముతాయి, దానికి జతగా ఒక రహస్య తాళంచెవి ఉంటుంది అని ఈ పొద్దున ముఖాన రక్తం లేకుండా చెప్పాడు, గడువు తీరినప్పుడల్లా సర్టిఫికెట్ కొత్తది తెస్తున్నాం గానీ తాళంచెవి మాత్రం మొదటినుంచీ అదే, సులువని అలా అలవాటు పడ్డాం, బోర్డు మార్చి తాళం మార్చనట్టు, ఆ తాళంచెవి నకలు మీ మరిదిగారి కంప్యూటర్‌లో ఉందమ్మా, అది ఉంటే ఏ డబ్బా అయినా మన సర్వర్‌లా నటించి మెయిళ్లు మింగేస్తుంది, ఎవరికీ అనుమానం రాదు అన్నాడు, ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నాకు వెంటనే కోత మిషను నడిపే తాత చేతులు కళ్ల ముందుకొచ్చాయి, నీ మొగుడు జారిపడలేదు తల్లీ, ఇనుము నమిలే మిషను అంచు మీద నిలబడి తొంగిచూస్తుంటే మీ మరిది వెనకనుంచి తోశాడు, పోలీసుల ముందు చెబుతాను అని నాకు మెయిల్ రాశాడు, అది నేనొక్కదాన్నే చదివాను, వేలు పెట్టి ఒక్కో అక్షరం, ఆ సాయంత్రమే గోడౌను సందులో తాత మణికట్లు రెండూ రాయి మీద పెట్టి కొట్టారు, ఆస్పత్రిలో కట్లు రెండు దిండ్లంత ఉన్నాయి, ఎవరికైనా చెప్పావా తల్లీ అని అడిగాడు, తిట్టలేదు, అడిగాడంతే, ఆ అడగడం ఇప్పటికీ నా పక్కటెముకల్లో గుచ్చుకునే ఉంది.

పాత సర్టిఫికెట్ గడువు ఈ పూటతో సరి, పొద్దున్నే మరిది వచ్చి ఎప్పట్లాగే పాత కీతోనే కానిచ్చెయ్, కొత్తవేవీ పెట్టకు అని తాళాలాయన భుజం నొక్కి వెళ్లాడట, కంప్యూటర్ ఎటునుంచి తెరుచుకుంటుందో పట్టించుకోని మనిషికి తాళంచెవి సంగతి ఎందుకమ్మా అని, అలా అనుమానం వచ్చి వెతికాడు, అందుకే ఈ గదిలో ఇద్దరం గడియ వేసుకుని కొత్త తాళంచెవి చేస్తున్నాం, అది పెట్టేస్తే వాడి దగ్గరున్నది గడువు తీరిన ఇనుపముక్క, వాడి డబ్బాలోంచి ఎవరు మెయిల్ పంపబోయినా తెర ఎర్రబడి హెచ్చరిస్తుంది, కానీ నా భయమంతా అక్కడే, క్రేనమ్మ, టీ సైరన్ మోగగానే క్రేన్ దిగి లారీలు తూచే కాటా గదికి వస్తుంది, నా మొగుడు పడ్డ రోజు క్రేన్ కెమెరా తీసిన బొమ్మ అక్కణ్ణుంచి నాకు పంపుతుంది, వద్దని చెప్పే దారి లేదు, ఫోన్లు గేటు దగ్గరే లాక్కుంటారు, కాటా గదిలో ఫోన్ ఎత్తేవాడు టీకి పోయేదాకా మరిది మనిషే, యార్డులో ప్రతి తీగా మరిది గదిలోంచే పోతుంది, ఇక ఎర్రతెర అంటారా, మా వాళ్లకు అది అలవాటే, తాళాలాయన కంటే ముందు సర్వర్ చూసినవాళ్లు గడువు మరిచిపోయినప్పుడల్లా తెర ఎర్రబడేది, మరిది అందరినీ నిలబెట్టి ఏం కాదు, కొనసాగించు అన్నది నొక్కెయ్యండి అని నేర్పాడు, కళ్లు మూసుకుని నొక్కుతారు, నేనూ నొక్కాను, క్రేనమ్మా నొక్కుతుంది, నొక్కితే తాత చేతుల పక్కన ఆమె చేతులు.

తలుపు పడింది, దుమ్ములోంచి వాడొచ్చాడు, నన్ను మోచేత్తో గోడకు కొట్టి తాళాలాయన చెయ్యి పట్టి బల్ల మీద పరిచాడు, సమ్మెట ఎత్తాడు, పాత కీ పెట్టు, లేకపోతే ఆ ముసలోడికి తోడు పంపిస్తా అన్నాడు, చెయ్యి విరగ్గొడితే పెట్టేదెవరు సార్ అన్నాడు తాళాలాయన, ఏడుస్తూనే అన్నాడు, సమ్మెట పిడి ఆయన మూతి మీద పడింది, నేను వెనకనుంచి వాడి జుట్టు పట్టుకున్నాను, వాడు తిరిగి నా దవడ మీద కొట్టాడు, పన్ను కదిలింది, నోరంతా ఉప్పు, ఆ ఉప్పు నాకు కొత్త కాదు, అదే దవడ, అదే చోటు, గీసుకుపోయిన ఉంగరం కూడా అదే, నా మొగుడి ఉంగరం వీడి వేలికుంది, నన్ను కొట్టినవాడు చచ్చాడు, వాణ్ణి చంపినవాడు నన్ను కొడుతున్నాడు, ఉంగరం మాత్రం మారలేదు, ఆయన పోయినందుకు నేను ఏడవలేదు, ఎందుకు ఏడవాలి, అక్షరాలు నేర్చుకుంటానంటే పలక నా తల మీదే పగలగొట్టినవాడు, ఆయన పోయాకే కదా క్రేనమ్మా నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని అ ఆలు దిద్దాం, కానీ తాత చేతులేం చేశాయి, గోడకున్న నిప్పులార్పే ఎర్ర సిలిండర్ నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలియదు, మోకాలి చిప్ప మీద కొట్టాను, పుల్ల విరిగినట్టు వినిపించింది, ఇది మనిషి విరిగే చప్పుడన్నమాట, మళ్లీ కొట్టాను, సమ్మెట జారింది, మళ్లీ కొట్టాను, ఆ కొట్టడంలో తీపి ఉంది, ఇంత తీపి ఉంటుందని తెలియక ఇన్నేళ్లు తిన్నాను, ఇంకొకటి తల మీద, ఒక్కటి, అని సిలిండర్ ఎత్తాను, పెట్టేశానమ్మా, కొత్తది పెట్టేశాను, చాలు అని తాళాలాయన నెత్తుటి చేతులతో నా కొంగు పట్టుకు లాగాడు, అప్పుడు సైరన్ మోగింది.

బల్ల మీది యార్డు ఫోన్ మోగింది, ఎత్తాను, అక్కా నేను, క్రేనమ్మను, కాటావాడు టీకి పోయాడు, బొమ్మ పెట్టాను, తెర ఎర్రగా వచ్చింది, మామూలేగా, నొక్కేస్తున్నా అంది, ఆగవే, చదువు అన్నాను, నోట్లో నెత్తురుకు మాట ముద్దయింది, ఏంటక్కా, టైం లేదు, వాడొచ్చేస్తాడు, చదివి నొక్కవే, బెంచీ మీద చదివినట్టు, అన్నాను, ఆమె మొదలెట్టింది, ఈ, సర్వర్, సర్టి, ఫికెట్, గడువు, తీరి, పోయింది, మరిది నేల మీద పాకుతూ నా కాలు పట్టుకున్నాడు, గోళ్లు దిగాయి, ఎవ, రైనా, మీ, ఉత్త, రాలు, కాలు విదిలించి వాడి వేళ్ల మీద తొక్కాను, చదు, వుతూ, ఉండ, వచ్చు, అక్కా, ఎవరో చదువుతున్నారంట, నొక్కనా, మరిది ఉన్న ఊపిరంతా పెట్టి ఫోన్‌లోకి అరిచాడు, నొక్కవే, ఏం కాదు, ఏం కాదు.

నొక్కకు, అన్నాను, ఆ కెమెరా చిప్పు తీసుకుని క్రేన్ ఎక్కి తలుపేసుకో, పోలీసులతో నేనొచ్చి నీ పేరు పెట్టి పిలిచేదాకా దిగకు, సరేనక్కా అంది, ఆమె పరిగెత్తే చెప్పుల చప్పుడు ఫోన్‌లో కాసేపు వినిపించింది, ఏం కాదు అని వాడింకా గొణుగుతూనే ఉన్నాడు, ఎన్నిసార్లు విన్నానీ మాట, నా తల పగిలిన రాత్రి ఆయన గుడ్డ తడిపి అద్దుతూ అన్నాడు, ఎర్రతెర ముందు మమ్మల్ని నిలబెట్టి వీడన్నాడు, మిషను చుట్టూ కంచె ఊడిపోయిందని తాత మొత్తుకుంటే అన్నదమ్ములిద్దరూ ఒక్క నోటితో అన్నారు, ఆ రోజు కూడా వీడే అని ఉంటాడు, అంచు మీదికి వచ్చి చూడన్నయ్యా, ఏం కాదు అని, ఆ మాట అన్నవాళ్లకు నిజంగానే ఎప్పుడూ ఏమీ కాలేదు, అయ్యిందంతా విన్నవాళ్లకే, జీవితమంతా అంటూ వచ్చిన నా మొగుడు ఒక్కసారి విన్నాడు.