డాబా మీది వడపోత కాగితం

పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. ఆ నియమం ఎవరూ పెట్టలేదు, ఆయనే పెట్టుకున్నాడు. ఊరి గాలిలో మురికిని కొలవడానికి ఆఫీసు డాబా మీద పెట్టిన రేకుపెట్టెలోంచి నిన్నటి వడపోత కాగితాన్ని పట్టకారుతో ఎత్తేటప్పుడు, ఊపిరి తగిలితే అంటుకున్న ధూళి రాలిపోతుందని ఆయన భయం. నిన్న తెల్లగా పెట్టిన కాగితం ఇవాళ మసిగుడ్డలా ఉంది. దాన్ని కవరులో వేసి, కొత్తది అమర్చి, రేపు దాన్ని వేయాల్సిన కవరు మీద రేపటి తేదీ ఇవాళే రాసి పెట్టెలో ఉంచాడు.

ఈమధ్య ఆరో అంకెకే దగ్గు తోసుకొస్తోంది. మొహం తిప్పుకుని దగ్గుతాడు గానీ కాగితం మీద పడనివ్వడు. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క రోజు కాగితం కూడా పోనివ్వలేదు మరి. కూతురి పెళ్లినాడు కొత్త బట్టలతో డాబా ఎక్కి, మసి చేతులతో దిగాడు. "పెళ్లికూతురి తండ్రివా, రైలింజను డ్రైవరువా?" అని వియ్యంకుడు ఇప్పటికీ ఆటపట్టిస్తాడు.

ఆ ఉదయమే ఫోనొచ్చింది. దేశమంతటా చావుల లెక్క తీస్తున్న డాక్టరమ్మ.

"గాలి మురికిగా ఉన్నచోట జనం ఎంత ముందుగా పోతున్నారో తేలిందండీ. అన్ని ఊళ్ల కాగితాలూ చూశాం. ఒక్క రోజూ ఖాళీ లేనివి మీవే. మా లెక్క వాటి మీదే నిలబడింది."

ఆయన ఛాతీ ఉప్పొంగింది. కాస్త నొప్పి కూడా పెట్టింది, పట్టించుకోలేదు.

భోజనం దగ్గర భార్యకి రెండుసార్లు చెప్పాడు. ఆవిడా మురిసిపోయింది. "ఊరి గాలి కొలుస్తూ మీ ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. రేపైనా సెలవు పెట్టండి" అంది.

"పెడితే ఆ రోజు గాలి మళ్లీ దొరుకుతుందటే?"

నవ్వుతూనే పడక్కుర్చీలో వాలాడు. సాయంత్రం టీ తెచ్చి లేపితే లేవలేదు.

మర్నాడు పొద్దున్నే, ఇల్లంతా చుట్టాలుండగా, ఆవిడ ఆఫీసు తాళంచెవి తీసుకుంది.

"ఎక్కడికమ్మా?" అంది కూతురు.

"మీ నాన్న పని ఒకటి మిగిలింది. ఈ ఒక్క రోజుతో ఆయనకి మాట రానివ్వను."

ఆదివారాలు తోడెళ్లి చూసిన పనే. డాబా ఎక్కి, ఏడుపు దిగమింగి, పదిదాకా ఊపిరి బిగబట్టి కాగితం ఎత్తింది. పెట్టెలో ఆయన ఉంచిన కవరులో దాన్ని వేసి, కొత్తది పెట్టింది. ఇన్నేళ్లూ ఆయన చేసింది ఎంత పనో చేతికి తెలిసొచ్చి, తల ఎత్తుకుని మెట్లు దిగింది.

ఆ కవరు ఆఫీసు బల్ల మీద పెట్టింది. పైన ఆయన గుండ్రటి చేతిరాతలో ఇవాళ్టి తేదీ, లోపల ఆయన చివరిగా పీల్చిన గాలి తాలూకు మసి.