తలుపు వెనకామె

"బజ్జీలు తెస్తావా, ఆ పిండిలోనే ఈదుతాండావా?" అని హాల్లోంచి మా ఆయన చక్రధర్ అడిగేసరికి నేను మూడో వాయి తీస్తున్నాను. వాన పట్టుకుని యశ్వంతనగర్ మైన్స్‌లో లోడింగు ఆగిపోయింది. మా లారీలు ఆగితే మగవాళ్ళకు సెలవు, నాకు బాండలి. ఎవరో బాగుందన్నారని మరిది గోపీకృష్ణ జపాన్ మాఫియా డాను సినిమా ఒకటి పెట్టాడు. పక్కింటి హనుమేశ్ కూడా వచ్చి కూర్చున్నాడు. తీరా చూస్తే ఆ ముసలి డాను సముద్రం ఒడ్డున ఒక ఇంట్లో, పైవాళ్ళ కబురు కోసం ఎదురుచూస్తూ ఊరికే కూర్చుని ఉన్నాడు.

"గంటయిపాయ కదప్పా, ఒక్క కత్తి గూడా తీయలే," అన్నాడు హనుమేశ్. "సుమ్నే, ఊరికే కూచున్నాడు. నిద్దర వస్తాండాది."

నాకు మాత్రం రాలేదు నిద్ర. ప్లేటు ఇచ్చి వెనక్కి వస్తూ గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. బూడిదరంగు సముద్రం, మాటల్లేని గది. అక్కడా వాన మొదలైంది. మా కిటికీ బయట పడుతున్నదేదో, తెర మీద పడుతున్నదేదో కాసేపు తెలియలేదు, ఒళ్ళు తేలిపోతున్నట్టుంది. అప్పుడు కాగితపు తలుపు పక్కకు జరిగింది. రెండు చేతులు అన్నం పళ్ళెం లోపల పెట్టాయి. తలుపు మూసుకుంది. మనిషి కనిపించలేదు. కాసేపటికి మళ్ళీ అంతే. ఈసారి బొటనవేలి మీద కాలిన మచ్చ కూడా కనిపించింది. నా మనసు డానుని వదిలేసి ఆ తలుపు వెనక్కి పోయింది. అక్కడ నేల చల్లగా ఉంటుందా? ఆమె తిన్నదా? పెళ్ళయిన కొత్తలో అందరితోపాటు నేనూ కంచం పెట్టుకుంటే మా అత్త సుభద్రమ్మ నవ్వుతూనే, "వడ్డించేదెవరమ్మా మరి, గోడలా?" అంది. ఇరవై రెండేళ్ళయింది, ఆ నవ్వంటే నాకింకా మంటే. ఈ తలుపు వెనకామె ముఖం ఒక్కసారి చూడాలి, అంతే.

"ఆయమ్మ ఎవరు?" అని అడిగాను.

"ఏ ఆయమ్మ?" అన్నాడు మా ఆయన. "ఈ సినిమాలో ఆడోళ్ళే లేరు కదే."

"అన్నం పెడతాండాది కదా, చూడలేదా మీరు?"

"అన్నం యాడొచ్చె ఇందులో?" అని గోపీకృష్ణ నవ్వాడు. "వదినకి యాడ చూసినా వంటిల్లే."

ముగ్గురూ నవ్వారు. నేను లోపలికి వెళ్ళి పొయ్యి ఆర్పేసి వచ్చాను. సోఫా మీద చోటు లేదు, చాప వేసుకుని తెరకు ఎదురుగా కూర్చున్నాను.

చివరికి కారొచ్చింది. డాను అన్నం ముట్టకుండానే వెళ్ళిపోయాడు. ఎక్కడో దూరాన ఒక్క తుపాకీ చప్పుడు. ఖాళీ గది.

"అయిపాయ. తలనొప్పి," అంటూ హనుమేశ్ లేచాడు. ముగ్గురూ వాన చూడటానికి వరండాలోకి వెళ్ళారు.

తెర మీద ఆ గది అలాగే ఉంది. చాలాసేపటికి తలుపు జరిగింది. ఆమె లోపలికి వచ్చింది. నా వయసే ఉంటుంది, అలసిపోయిన మామూలు ముఖం. డాను కూర్చున్నచోటే సముద్రం వైపు తిరిగి కూర్చుంది. అతను వదిలేసిన పళ్ళెంలోని అన్నం గిన్నె చేతిలోకి తీసుకుని నింపాదిగా తినడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. అలా ఎందుకొచ్చిందని నన్ను నేను అడగలేదు, మిగిలిన బజ్జీల ప్లేటు దగ్గరికి లాక్కున్నాను.

"సినిమా అయిపాయ కదా, ఇంకో వాయి వెయ్యి," అన్నాడు మా ఆయన వరండాలోంచి.

"అయిపోలే," అన్నాను తెర మీంచి చూపు తిప్పకుండా. "ఆయమ్మ ఇప్పుడే తినేకి కూచుంది. నేనూ కూచున్నా. పిండి ఆడే ఉండాది, మీరు వేసుకోండి."